బయట నిలబడ్డ మనిషి

వైద్య కళాశాల ఆఫీసులో గుమాస్తా శరీరదానం కాగితాన్ని బల్ల మీద పెట్టాడు. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ భర్త ఆ ఉదయమే పోయాడు.

"మాస్టారు ఎప్పుడో రాసిచ్చినా, ఇప్పుడు మీరు సంతకం పెడితేనే తీసుకుంటామమ్మా."

"మా బావగారు బయట గొడవ చేస్తున్నారు బాబూ. అంత్యక్రియలు జరగకపోతే తమ్ముడి ఆత్మ ఘోషిస్తుందట."

"మీరేమంటారు?"

"నాకూ భయంగానే ఉంది."

"అదేంటమ్మా! మాస్టారు నాస్తికులు కదా. ఆయన ఉపన్యాసం ఉందంటే మా అన్నయ్య పని మానుకుని మరీ పరిగెత్తేవాడు."

"ఆయన సంగతి వేరు. దణ్ణం పెట్టుకోనిదే నాకు ముద్ద దిగదు."

"మరి ఇంట్లో పేచీలు రాలేదా?"

"ఎందుకొస్తాయి? నాకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక, వారం వారం ఆయనే స్కూటర్ మీద గుడికి దింపేవారు. ఎండలో బయటే నిలబడి పేపరు చదువుకునేవారు. ఒక్కనాడూ లోపలికి రాలేదు. ఒక్కనాడూ నన్ను వెళ్లొద్దనలేదు."

"భయంగా ఉంటే వద్దనుకోండమ్మా. ఎవరూ తప్పు పట్టరు."

"నలభై ఏళ్లు ఆయన నాకు అడ్డు రాలేదు. ఇవాళ నోరు తెరిచి అడగలేరు కదా అని నేను అడ్డుపడనా? ఏదీ, పెన్నిలా ఇవ్వు బాబూ."