రైలును దాటిన పటేలు కారు

డోర్నకల్ ఇంకా రెండు కోసులు ఉందనగా రైలు గేటు దగ్గర జగపతి పటేలు కారు ఆగిపోయింది. మెకానిక్ సంజీవ దాని కిందికి దూరాడు. తండా నుంచి ఆ కారు కిరాయికి మాట్లాడుకుని వచ్చిన హీరాలాల్‌కు కాలు ఒక చోట నిలవడం లేదు. రేపు పొద్దున బొగ్గుబాయి దగ్గర కొత్తవాళ్ల పేర్లు పిలుస్తారు, పలకనివాడికి నౌకరీ లేదు. అక్కడికి పోవాలంటే ఈ సాయంత్రం బండిని డోర్నకల్‌లో అందుకోవాలి. ఆ బండి ఈ గేటు మీదుగానే పోతుంది. అతను మాటిమాటికీ పట్టాల వైపు చూస్తున్నాడు.

గేటు పక్కనే ఉన్న తన హోటల్ ముందు కొండల్ అందరికీ చాయ్ ఇచ్చాడు. పటేలు దొరికిందాని మీద కూర్చుని, ఒక గుక్క తాగి అందుకున్నాడు.

"ఎందుకు పరేషానైతవ్ హీరాలాలూ? గిది గట్లనే ఆగుతది, గట్లనే లేస్తది. అరవై తొమ్మిది ఉద్యమంల బస్సులన్ని బందైతే గప్పుడు కొన్న దీన్ని. కొన్నకాడి నుంచి తొవ్వ మీద తిరిగిందానికంటె షెడ్డుల పండిందే ఎక్కువ. జనగామల చూపిస్తె కార్బొరేటర్ పోయిందన్నరు, మానుకోటల చూపిస్తె అదొక్కటే బాగుంది, కడమయన్ని పోయినయన్నరు. ఒకడు బాగుచేసిందాన్ని ఇంకొకడు ఖరాబు చేసుడు. పాణం ఇసిగి ఏంజేసిన్నో ఎరికేనా? మా బాయి కాడి ఆయిలింజన్ ఇప్పి, దాని సామాను దీనికేసి నేనే బిగించిన."

"నువ్వేనా పటేలా?" అన్నాడు కొండల్.

"మరెవడు? హ్యాండిల్ ఏసి ఒక్క తిప్పు తిప్పిన, లేసింది. గంతవరకు ఎవడన్న చేస్తడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఊరు దాటంగనే ఎనుక గొట్టంల నుంచి పొగకు బదులు నీళ్లు! ఎట్ల రావు? ఎన్నేండ్ల నుంచో నీళ్లు తోడిన సామానాయె, దాని అలవాటు అది మానలె. బాయి పక్క నుంచి పోతె చాలు, గుంజుతాంది. డెబ్బై రెండు కరువుల తొవ్వకు రెండు దిక్కుల వరి ఎండుతాంది. నేను హారన్ కొట్టుకుంట పోతాంటె రైతులు మడులకు గండ్లు తీసి నిలబడ్డరు. పోయేటప్పుడు పొట్ట మీదున్న వరి నేను మళ్లొచ్చేసరికి కోతకచ్చింది."

"కరువుల బాయిల నీళ్లెక్కడియి?" అడిగాడు కొండల్.

"గదే నేను చెప్పేది. బాయిల లేకపోతె భూమి అడుక్కెళ్లి గుంజింది. ఒక మడిల సముద్రం చేపలు వడ్డయి, ఉప్పెయ్యకుండనే కూరొండుకున్నరు."

హీరాలాల్ పట్టాల వైపు చూడడం మానేశాడు.

"దీనికే నోరు తెరిస్తె ఎట్ల? గీ గేటు కాడ్నే రైలు నా పక్కపొంటి వచ్చింది. డ్రైవర్ నా కారును జూసి నవ్విండు. నాకు కడుపు మండింది, జర దగ్గరికి పోనిచ్చిన. ఇంకేంది, రైలింజన్ల నీళ్లన్ని నా కారే గుంజింది. ఆవిరి లేదు, కూత లేదు, రైలు పట్టాల మీద నిలవడ్డది. నేను దాటిపోయిన. పోయినంక జాలేసింది, లోపట పిల్లా జెల్లా ఉన్నరాయె. మళ్లొచ్చి, మోకు కట్టి, రైలును డోర్నకల్ దాక గుంజుకపోయిన. స్టేషన్ మాస్టర్ పచ్చజెండ రైలుకు ఊపలె, నాకే ఊపిండు. డ్రైవర్ దిగొచ్చి కారుకు దండం పెట్టిండు."

పొయ్యి మీద పాలు పొంగుతున్నా కొండల్ చూడలేదు. నేల అదిరింది. గేటు పడింది. పెట్టె వెంట పెట్టె రైలు సాగిపోయింది. ఆఖరి పెట్టె కూడా పోయాక హీరాలాల్ మెల్లగా లేచాడు.

"పటేలా, గది నేనెక్కాల్సిన బండి. నీ ముచ్చట్ల వడి నేను గూడ మర్సిన. మోకు వద్దు, గుంజుడు వద్దు. దానికంటె ముందుగాల నన్ను డోర్నకల్‌ల దింపు, సాలు."

పటేలు చటుక్కున కారు వైపు తిరిగి, ఇంకెంతసేపురా సంజీవా అని కేకేశాడు. సంజీవ కారు కింద లేడు. పటేలు వెనకాలే నిలబడి చేతులు తుడుచుకుంటున్నాడు.

"ఎప్పుడో అయింది పటేలా. బ్యాటరీ ఒక్కటే ఎక్కియ్యాలె. దాని మీదనేమో నువ్వు కూసున్నవు. లేపుదామనే వచ్చిన. మల్ల ఏమైతదో ఇందామని నిలవడ్డ."