నిండుగా తిరిగొచ్చిన గ్లాసులు

ఏమే, ఆ నీళ్ళ గ్లాసెందుకే అటు జరిపావు? కంప్యూటరు మీద ఒలుకుతుందనా? ఒలికితే తుడుచుకుందాం గానీ ఇటు పెట్టు. చెయ్యి చాస్తే అందేలా పెట్టు. ఆఁ, అక్కడ. రేపు ఆ పెట్టెలోంచి నలుగురు నిన్ను చూస్తూ ప్రశ్నలడుగుతారన్నావు కదా, వాళ్ళకి గ్లాసు కనిపించినా ఏం ఫర్వాలేదు. పొద్దుట్నుంచీ బయట కూర్చుని వింటూనే ఉన్నాను. నీ గురించి చెప్పుకోవడం మొదలెట్టావంటే ఊపిరి పీల్చుకోకుండా చివరిదాకా లాగించేస్తున్నావు. బాగుందా అంటే బాగానే ఉంది, ఎక్కాలు అప్పజెప్పినట్టుంది. మూతి ముడుచుకోకు. నేనూ అచ్చం ఇలాగే అప్పజెప్పాను ఒకప్పుడు, అప్పజెప్పి చేతిదాకా వచ్చిన ఉద్యోగం పోగొట్టుకున్నాను. అవునే, నేనే. మీ అమ్మా వాళ్ళూ మా అమ్మ నోరున్న మనిషి అని నీతో గొప్పలు చెబుతారే, ఆ నోరు నాకు పుట్టుకతో వచ్చింది కాదు. ఒకాయన పెట్టిన భిక్ష. కూర్చో చెబుతాను, నీ పాఠం ఎక్కడికీ పారిపోదులే.

నేను పనిచేసిన మందుల కంపెనీ తెలుసుగా, దాని హెడ్డాఫీసు మూడంతస్తుల మేడ. రెండో అంతస్తులో నడవా చివర ఇంటర్వ్యూ గది. ఆ గది తలుపు పాతది, ఎంత మూసినా సరిగ్గా పడేది కాదు. తలుపు పక్కన ఒక స్టూలు, స్టూలు మీద ఒక అటెండరు. పొట్టిగా, నున్నగా దువ్విన తలతో, చొక్కా చేతులు మోచేతి దాకా మడిచి ఉండేవాడు. నాకు తెలిసేసరికే ఆయన ఆ స్టూలెక్కి ముప్పై ఏళ్ళు దాటింది. పేర్లు పిలిచి లోపలికి పంపడం, ఆఫీసర్లకి టీలివ్వడం, ఇంటర్వ్యూకొచ్చిన ప్రతివాళ్ళ ముందూ ఒక నీళ్ళ గ్లాసు పెట్టడం, వాళ్ళు వెళ్ళాక అది తీసేసి కొత్తది పెట్టడం, అదీ ఆయన పని. అందుకే ఆఫీసంతా గ్లాసుల బాబాయి అని పిలిచేది. ఆయనకీ ఆ పేరంటే ఇష్టమే, ఎవరైనా మర్యాదకి అసలు పేరుతో పిలిస్తే వెనక్కి తిరిగి చూసేవాడు, ఎవర్నబ్బా అని. ఏం చెబుతున్నాను... ఆఁ, నా మొదటి ఇంటర్వ్యూ.

అప్పటికి మా నాన్న ఇంకా మిషను కుడుతున్నాడు గానీ కళ్ళు మసకబారిపోయాయి. సూదిలో దారం నేనెక్కించి ఇచ్చేదాన్ని. ఇద్దరు తమ్ముళ్ళు చదువుల్లో ఉన్నారు. నాకు ఉద్యోగం రాకపోతే పెద్దవాడు చదువు మానేసి ఎక్కడో పనికి కుదరాలి, అది ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. ఇంటర్వ్యూకని నాన్న నాకు కొత్త బట్టలు కుట్టాడు. భుజం దగ్గర కుట్టు వంకర పోయింది. ఆయనకి కనిపించలేదు, నేను చెప్పలేదు. ఆ వంకర కుట్టు మీద చెయ్యి కప్పుకునే వెళ్ళి కూర్చున్నాను ఆ గదిలో. ఎదురుగా ముగ్గురు. పెద్దాఫీసరు ప్రతి ప్రశ్నకి ముందూ ఓ దగ్గు దగ్గేవాడు. పక్కనాయన తలెత్తితే సొమ్ము పోతుందన్నట్టు కాగితంలోకే చూసి అడిగేవాడు. మూడో ఆవిడ నవ్వుతూ అడిగేది, ఆవిడ ప్రశ్నలే గట్టివి. నీ గురించి చెప్పమ్మా అన్నారు, చెప్పేశాను, నీలాగే, గుక్క తిప్పుకోకుండా. అప్పుడు నవ్వే ఆవిడ అడిగింది కదా, మందు సీసాలు పగిలి వచ్చాయని ఒక షాపాయన ఫోన్లో తిడుతున్నాడు, నువ్వేం చెబుతావు అని. నాకు నిజంగా ఆ షాపాయన ఎదురుగా నిలబడి తిడుతున్నట్టే అయిపోయింది. మా తప్పు కాదండి, లారీవాళ్ళదండి, కాదు కాదు మాదేనండి, వేరే సీసాలు పంపుతామండి, రేపే పంపుతామండి, రెండింతలు పంపుతామండి... నోరు ఆగదే. ఆపాలని తెలుస్తూనే ఉంది, ఆగదు. పెద్దాఫీసరు దగ్గి, "కంపెనీ మొత్తం పంచిపెట్టేసేలా ఉన్నావు, ఇక చాలమ్మా" అన్నాడు. కాగితంలోకి చూసే ఆయన కూడా తలెత్తాడు.

నవ్వుతావేం, నవ్వు. ఇప్పుడు నాకూ నవ్వొస్తుంది గానీ ఆ రోజు ఏడుపే వచ్చింది. సగం మెట్లు దిగి అక్కడే కూలబడ్డాను. ఇంటికెళ్ళి నాన్నకి ఏం చెప్పాలో తెలీదు. వెనక నుంచి ఎవరో వచ్చి పక్క మెట్టు మీద గ్లాసు పెట్టారు. చూస్తే అటెండరు. "ఇది నీదేనమ్మాయ్. లోపల నీ ముందు పెట్టిందే. ముట్టుకోకుండా వచ్చేశావు, తాగు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది, ఏడుపులో ఉన్నవాళ్ళతో ఇదేం వేళాకోళం అని. ఆయన వేళాకోళం ఆడట్లేదు. ముప్పై ఏళ్ళుగా ఆ గ్లాసులు పెడుతున్నాడా, తీస్తున్నాడా, ఆయనకో సంగతి తెలిసిందట. ఉద్యోగం రానివాళ్ళ గ్లాసులు నూటికి తొంభై నిండుగానే తిరిగొస్తాయట. వచ్చినవాళ్ళ గ్లాసు ఎంతో కొంత తగ్గి ఉంటుందట. నీళ్ళలో ఏముందమ్మా, ఏమీ లేదు, గుక్క తాగేంతసేపు నోరు మూసుకుంటారు కదా, ఆ కాస్తసేపట్లో బుర్ర పని చేస్తుంది, అన్నాడు. ఆ మాట ఏ కాలేజీలోనూ నాకెవ్వరూ చెప్పలేదు.

మరి అదేదో లోపలికి వెళ్ళకముందే చెప్పొచ్చు కదండీ అని విరుచుకుపడ్డాను. అక్కడే ఆయనకో పట్టింపు. లోపలికి వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట కూడా చెప్పడట. ఒకరికి చెప్పి ఒకరికి చెప్పకపోతే అన్యాయం, అందరికీ చెబితే ఆఫీసర్లకి ద్రోహం. ఓడిపోయి బయటికొచ్చినవాళ్ళకి మాత్రం ఎందుకు ఓడిపోయారో చెబుతాడు, వింటే వింటారు, లేకపోతే లేదు. చాలామంది వినరట, అటెండరు చెప్పేదేంటని చరచరా దిగి వెళ్ళిపోతారట. నేనూ వెళ్ళిపోయేదాన్నే. గ్లాసు చేతిలో ఉంది కాబట్టి ఆగాను. ఆ ఏడు ఉత్తరాలూ ఫోన్లకని కొత్త విభాగం పెడుతున్నారు, మూడు నెలలకి మళ్ళీ పిలుస్తారు, మధ్యాహ్నం భోజనాలప్పుడు నాకో అరగంట ఖాళీ, వస్తే రా, అన్నాడు.

వెళ్ళాను. మూడు నెలలు. మెట్ల కింద టీ కాచుకునే గది, ఇద్దరు మనుషులు నిలబడితే మూడోవాళ్ళకి చోటుండదు. అందులో ఆయన ముగ్గురాఫీసర్లూ తనే అయ్యేవాడు. దగ్గాడంటే పెద్దాఫీసరే, నాకు చెమటలు పట్టేవి. కిసుక్కున నవ్వాడంటే ఆవిడే. ఆ ముప్పై ఏళ్ళ ప్రశ్నలూ తలుపు సందులోంచి విని విని ఆయనకి కంఠతా వచ్చేశాయి. ప్రశ్న అడగ్గానే ఒక గుక్క తాగాలి, తర్వాతే నోరు తెరవాలి. మొదటి రోజు నేను భయపడి ప్రశ్నకో గ్లాసు తాగేశాను, మధ్యలో పరిగెత్తాల్సొచ్చింది. తాగమంటే కడుపు నింపుకోమని కాదే తల్లీ, గుక్కంటే గుక్కే, అని నెత్తి కొట్టుకున్నాడు. ఇంకోటేంటంటే నేను మాట్లాడుతూ కిందికి చూసేదాన్ని. "నేల నేనే తుడిచాను, శుభ్రంగానే ఉంది, నువ్వు చూడక్కర్లేదు. అడిగినవాళ్ళ మొహం చూడు" అనేవాడు. తెలియని సంగతి అడిగితే నీళ్ళు నమలకుండా తెలియదండి అని చెప్పి ఊరుకోమనేవాడు. ఊరుకోవడమే కష్టం, తెలియదన్నాక ఇంకో పది మాటలు నోట్లోంచి వాటంతటవే దొర్లేవి. ఆ పది మాటలు మింగించడానికి నెల పట్టింది ఆయనకి. అవతలివాడు తిడుతుంటే ముందు వాడి బాధేంటో విను, విన్నది వాడికి తిరిగి చెప్పు, నా మాట విన్నారులే అనుకుంటాడు, సగం కోపం అక్కడే దిగుతుంది, ఆ తర్వాత నువ్వు చేయగలిగింది మాత్రమే చెప్పు, చేయలేనిది చెప్పకు, అనేవాడు. ఇంత తెలిసినాయన ఆఫీసర్ల ముందు మాత్రం చిత్తమండి తప్ప రెండో మాట మాట్లాడగా ఎవరూ వినలేదు. మీరెందుకు మాట్లాడరు బాబాయీ అంటే, నన్నెవరూ ఏమీ అడగలేదు కదమ్మా అన్నాడు.

రెండోసారి వెళ్ళాను. అవే బట్టలు, అదే వంకర కుట్టు, ఈసారి చెయ్యి కప్పుకోలేదు. మళ్ళీ అదే షాపాయన, అవే పగిలిన సీసాలు. గుక్క తాగాను. ఆయన చెప్పేది పూర్తిగా వింటానండి, ఎన్ని సీసాలు పగిలాయో ఎప్పుడు అందాయో రాసుకుని ఆయనకే చదివి వినిపిస్తానండి, మళ్ళీ పంపే అధికారం నాకు లేదు కాబట్టి ఎవర్ని అడగాలో కనుక్కుని, ఏ వేళకి ఫోను చేస్తానో చెప్పి ఆ వేళకి చేస్తానండి అన్నాను. ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. పెద్దాఫీసరు దగ్గడం కూడా మర్చిపోయాడు. మొన్న కంపెనీ పంచిపెట్టిన అమ్మాయివి నువ్వే కదూ, ఇదంతా ఎవరు నేర్పారు అన్నాడు. సరిగ్గా అప్పుడే బాబాయి టీ కప్పులతో లోపలికొచ్చాడు. వాళ్ళ వెనకాల నిలబడి, కనిపించీ కనిపించకుండా తల అడ్డంగా ఊపాడు, చెప్పొద్దని. చెబితే తలుపు దగ్గర కూర్చుని వింటున్నాడని తేలిపోతుంది. చెప్పకపోతే ఏ కాలేజీ పేరో చెప్పి బయటపడొచ్చు. మా తమ్ముడి చదువు నా కళ్ళ ముందు తిరుగుతోంది. గ్లాసు తీసుకుని గుక్క తాగాను. ఆ గుక్క మింగేలోపల ఎన్ని అనుకున్నానో నాకే తెలుసు. తాగాక, వీరేనండి అని ఆయన్ని చూపించాను.

పెద్దాఫీసరు వెనక్కి తిరిగి, మా మాటలు వింటుంటావా అన్నాడు. చిత్తమండి అని బయటికి వెళ్ళిపోతాడనుకున్నానే. వెళ్ళలేదు. ట్రే బల్ల మీద పెట్టాడు. పెద్దాఫీసరు ముందున్న గ్లాసు తీసుకుని, ఆయన గ్లాసేనే, ఒక గుక్క తాగి కింద పెట్టాడు. పెట్టి, "విన్నానండి. లోపలికి వచ్చేవాళ్ళకి ఎప్పుడూ ఏమీ చెప్పలేదు. ఏడుస్తూ వెళ్ళేవాళ్ళకి ఎందుకు ఏడవాల్సొచ్చిందో చెప్పాను. అంతేనండి" అన్నాడు. ఒక్క మాట ఎక్కువ లేదు. ముప్పై ఏళ్ళలో ఆ గదిలో ఆయన్ని అడిగిన మొదటి ప్రశ్న అదేననుకుంటాను. నవ్వే ఆవిడ ఆ రోజు నవ్వలేదు, ఆయన వంకే చూస్తూ ఉండిపోయింది.

నాకు ఉద్యోగం ఇచ్చారు. ఆయన్ని తలుపు దగ్గర్నుంచి తీసేసి కింద గోడౌన్లో వేశారు. మొదటి రోజు డ్యూటీలో చేరి తిన్నగా కిందికెళ్ళాను, మొహం ఎలా చూపించాలో తెలీకుండా. అట్టపెట్టెల మధ్య అదే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మంచివాళ్ళకి కోపం రాదని అబద్ధం చెప్పను నీకు, వచ్చింది. రెండు రోజులు మొహం తిప్పుకున్నాడు, తల ఊపాను కదా కనిపించలేదా అన్నాడు. మూడో రోజు తనే అన్నాడు, ఉన్నది ఉన్నట్టు చెప్పమని నేర్పి నా దగ్గరికొచ్చేసరికి అబద్ధమాడమన్నాను, నాదే పొరపాటు అని. ఆ మాటకి నేను ఏడుస్తుంటే, ఏడ్చినవాళ్ళకి నీళ్ళివ్వడం నా డ్యూటీ కాదిప్పుడు, కుళాయి అటుంది వెళ్ళు అన్నాడు.

అక్కడితో అయిపోలేదు. ఇంటర్వ్యూలు జరిగిన ప్రతిసారీ నేను మెట్ల దగ్గర కాపు కాసేదాన్ని. మొహం వేలాడేసుకుని దిగేవాళ్ళ చేతిలో గ్లాసు పెట్టి, కింద గోడౌన్లో ఒకాయనున్నాడు, ఒక్కసారి కనిపించి వెళ్ళండి అనేదాన్ని. ఏడెనిమిదేళ్ళు. ఆయన రిటైరయ్యేదాకా. ఆఫీసర్లకి తెలుసు, తెలిసీ ఊరుకున్నారు. చివర్లో ఒకసారి నవ్వే ఆవిడే ఒక కుర్రాణ్ణి స్వయంగా కిందికి పంపింది.

ఆయన రిటైరైన రోజు మీటింగు హాల్లో సభ. అప్పటికి ఉత్తరాలూ ఫోన్ల విభాగానికి నేనే పెద్దని, కొత్తవాళ్ళకి మాట్లాడటం నేర్పేదాన్ని. మాట్లాడాల్సింది నువ్వే అన్నారు. వారం రోజులు రాసుకున్నాను. లేచి నిలబడ్డాను, ఒక్క ముక్క రాలేదు. హాలంతా చూస్తోంది. బాబాయి కుర్చీలోంచి చెయ్యి చాచి తన ముందున్న గ్లాసు నా వైపు జరిపాడు. తాగాను. రాలేదు. ఇంకో గుక్క. అలా గ్లాసంతా తాగేశాను గానీ మాట రాలేదే. కూర్చుండిపోయాను. ఆయన మైకు లాక్కుని, గ్లాసు ఖాళీ చేసిందండోయ్, ఈ అమ్మాయికి ఉద్యోగం ఇచ్చెయ్యండి, అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఆయనింటికెళ్ళి చెబుదాంలే అనుకున్నాను. వెళ్ళినప్పుడల్లా ఏవేవో కబుర్లే. ఏడాది తిరక్కుండానే పోయాడు.

పెద్ద ఉపన్యాసమేం కాదే చెప్పాల్సింది. బాబాయీ, మా తమ్ముళ్ళిద్దరూ చదువుకున్నారు, నాన్న కళ్ళకి ఆపరేషన్ చేయించాను, కట్టు విప్పిన రెండో రోజే ఆ వంకర కుట్టు చూసుకుని తనే విప్పి సరిచేశాడు, ఇదంతా మీరు మెట్ల మీదికి తెచ్చిన ఆ గ్లాసుతోనే మొదలైంది, అని. అంతే. నాలుగు ముక్కలు. ఇప్పుడు నీతో అంటే ఎంత సులువుగా వచ్చేసిందో చూడు. ఆయన ఎదురుగా ఉన్నప్పుడు... ఆయన అలా నా వంక చూస్తూ...

ఆ గ్లాసిలా ఇవ్వు.

ఊఁ. రేపు ఎన్ని గంటలకన్నావు నీ ఇంటర్వ్యూ?