హాల్లో పెట్టే తుపాకి

తిరుత్తణి కొండ కింద మొక్కుబడి వేలాయుధాలకు బంగారు పూత వేసే దండపాణి, ముఠా కుర్రాడొకడు తెచ్చిన తుపాకి మీది నల్లరంగు గీకుతూ చెయ్యి ఆపాడు.

“ఇది యాడిది తంబీ?”

“శోళవరంవోనిది. దీపావళి పొద్దున వాని వాకిట్లోనే ఏసేసినాము. చేతిలోంచి నేనే పెరుక్కొచ్చినా. పూత ఏయించి హాల్లో పెడతాడంట మా అన్న.”

“వాడు కాల్చినాడా?”

“టప్‌మని ఇనబడింది గదయ్యా. అందుకే మేము కాల్చినాము.”

“ఇనబడతాది. ఇది పిల్లోళ్ళు రీలు పెట్టి కాల్చే దీపావళి తుపాకి.”

వచ్చినవాడు దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

“వాని బిడ్డ పక్కనే ఉండె. చేతిలో ఎర్ర రీలు పట్టుకోని.”

దండపాణి ఒళ్ళో రాలిన నల్లరంగు పొట్టు దులుపుకున్నాడు.

“లోపల సీసం పోసి మూసెయ్యయ్యా. మా అన్న చేతికి బరువు తగలాల.”