మిల్లు వెనక కూరమళ్ళు

“మునిగిపోయిందిరోయ్! తోట మొత్తం మునిగిపోయింది! రండ్రోయ్!”

మిల్లు వైపు నుంచి కోటయ్య కేక. వీధికి ఈ చివర మా ఇల్లు. నోట్లో వేపపుల్ల పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డ నాకే వినపడిందంటే ఇక వీధంతా వినకుండా ఉంటుందా? తెల్లారీ తెల్లారకముందే ఎవరి చెంబు వాళ్ళు అక్కడే పడేసి పరుగు.

అదేనమ్మా నువ్వడిగింది. “తెనాల్లో రైసుమిల్లు వెనక మీరంతా కలిసి తోట వేశారంటగా బాబాయ్, ఎట్టా మొదలైంది?” అన్నావు గదా. అట్టాగే మొదలైంది, మునగటంతో. ఆఁ కాదులే, ఇంకాస్త ముందునుంచి చెప్పాలి. ఆ కేక అక్కడే ఉంచు, మళ్ళీ వస్తా దాని దగ్గరికి.

అరవై ఆరో, అరవై ఏడో. మీ అమ్మ కాపురానికొచ్చిన ఏడు. అరవై ఏడే అయుంటుంది. నేను మిల్లులో తూకాల గుమాస్తాని. ఎస్సెల్సీ దాకా చదివా, లెక్కల్లో పోయింది. లెక్కల్లో పోయినవాణ్ణి తెచ్చి తూకాల దగ్గర కూర్చోబెట్టారు చూడు, మా షావుకారు గారి ధైర్యం అట్టాంటిది. వీశ వంకాయలు పావలా ఉండేవి అర్ధరూపాయి అయ్యాయని మా అమ్మ రోజూ బజారు నుంచి తిట్టుకుంటూ వచ్చేది.

మా వీధిలో ఆరు ఇళ్ళు మిల్లు మీద బతికేవి. కొత్త వడ్లు వస్తున్నన్నాళ్ళే కూలి. వైశాఖం వచ్చి మిల్లు ఆగిందంటే రెండు మూడు నెలలు పనుండదు. నూకలు ఎట్టాగో దొరికేవనుకో, మిల్లు గదా. మరి ఆ నూకల్లోకి ఏంటి? ఉప్పూ పచ్చిమిరపకాయా. పసిపిల్లలకి కూడా అదే. చూసీ చూసీ ఓ రోజు షావుకారు గారి దగ్గర నోరు తెరిచా. మిల్లు వెనక ఊక బూడిద పోసే జాగా ఉంది, అరెకరం ఉంటుంది, అది ఇస్తే కూరలు వేసుకుంటామండీ అని.

ఆయన తాపీగా పొడుం పీల్చి, “కర్రల అడితి పెడతామని ఒకాయన తిరుగుతున్నాడయ్యా దానికోసం. సరే, మిల్లు ఆగేనాటికి అక్కడ నాకు కూరలు కనపడ్డాయా, ఆ జాగా మీరే వాడుకోండి. కనపడకపోతే అడితికిచ్చేస్తా. నీకు సేద్యం తెలుసా?” అన్నారు.

“భలేవారే! మాది రేపల్లె అవతల, పెనుమూడి పక్కనండీ. తాతలనాటి నుంచీ సేద్యమే. నాకు చెప్పేదేంటి?” అన్నా.

అన్నానా? ఆ మాటే నా మెడకి చుట్టుకుంది. సేద్యమంటే మాకేంటమ్మా? వరి. కాలవొస్తుంది, తూము ఎత్తుతాం, చేను నిండుతుంది, గట్టు మీద గొడుగేసుకుని కూర్చుంటాం. మా నాన్న అంతే, మా తాత అంతే. కూరపాదు మొహం ఎరగం. అది ఆడవాళ్ళు పెరట్లో చేసుకునేది గదా, అదీ ఒక సేద్యమా అనుకునేవాళ్ళం.

సరే, ఆరిళ్ళవాళ్ళూ నా మాట నమ్మారు. ఆదివారాలు వచ్చి బూడిద గుట్టలు లాగారు, గడ్డి చెక్కారు, నల్లమట్టి తవ్వారు. మాఘమాసంలో వంగ నారు, మిరప నారు తెచ్చి నాటాం. మిల్లు తొట్లకి కాలవ నుంచి నీళ్ళొచ్చే తూమొకటి ఉంది. దాని దగ్గర్నించి బోదె తీసి సాయంత్రం నీళ్ళు వదిలా. కట్టెయ్యకుండా ఇంటికొచ్చి పడుకున్నా. వరికి అంతే చేస్తాం మరి!

ఇదిగో, తెల్లారి కోటయ్య కేక.

కోటయ్యంటే మిల్లులో బస్తాలు మోసేవాడు. మనిషి ఏనుగు, గొంతు రైలుకూత. వెళ్ళి చూస్తే మడులన్నీ చెరువు. మొక్కల తలలు మాత్రం పైకి కనపడుతున్నాయి. నిజం చెప్పొద్దూ, నాకది బాగానే ఉందనిపించింది. నీళ్ళు నిండుగా ఉన్నాయి, ఇంకేం కావాలి?

కోటయ్య పెళ్ళాం నాగరత్నం. బాపట్ల వైపు పిల్ల, సముద్రానికి దగ్గర ఊరు. మిల్లులో వడ్లు ఆరబోసే పనికొచ్చేది. నెత్తిన గంపతో ఆగి చూసి, “గుమాస్తా గారండీ, గట్టు తెంపి నీళ్ళు తీసెయ్యండి. వంగకి వేరు దగ్గర గాలాడాలండి. ఇట్టా నిలవుంటే కుళ్ళిపోద్దండి” అంది.

నలుగురిలో ఒక ఆడమనిషి, పైగా నాకు చెప్పటమా? “నీళ్ళ సంగతి నీకేం తెలుసు పిల్లా? మీ ఇసకలో చుక్క నీరు నిలిస్తే గదా!” అన్నా. అందరూ నవ్వారు. తనూ నవ్వింది. గంప సర్దుకుని వెళ్ళిపోయింది.

నాలుగో రోజుకి ఆకులు పసుపుపచ్చన. వారానికి తలలు వాల్చేశాయి. కోటయ్య ఒక మొక్క పీకి నా చేతిలో పెట్టాడు. వేరు జిగటజిగటగా, వాసన. పెట్టి బస్తాల వైపు వెళ్ళిపోయాడు.

ఇక వీధి పంపు దగ్గర చూడాలి. “గుమాస్తా గారు ఈసారి చేపలు వేస్తారంటగా?” అని ఒకావిడ. “కాదులేవే, తామరపూలంట!” అని ఇంకొకావిడ. నేను బిందెతో వస్తే మాత్రం అందరూ గప్‌చిప్. అటు చూస్తే అడితి ఆయన రోజు విడిచి రోజు షావుకారు గారి అరుగు మీదే. మిల్లు ఆగటానికి గట్టిగా రెండు నెలలే ఉంది. నా పరువు పోతే పోయింది, అదేం పెద్ద ఆస్తి కాదు. జాగా పోతే ఆ ఆరిళ్ళకి మళ్ళీ ఉప్పూ మిరపకాయే గదా. అదీ నా మూలాన.

మా అమ్మ అన్నం పెడుతూ, “ఏరా, ఆ పిల్ల చెప్పింది గదా, వెళ్ళి ఎట్టాగో అడుగు” అంది.

“దాన్నేం అడుగుతానే?”

“అయితే అట్టాగే ఏడువు. మీ నాన్నా ఇంతే, తూమెత్తి పడుకోవటం తప్ప ఏం తెలుసు?”

వెళ్ళా. వడ్లు తిరగేస్తోంది కాలితో. తలెత్తకుండానే, “నాకేం తెలుసండి, ఇసకలో పుట్టినదాన్ని” అంది. నాకు తగిన శాస్తే అది. అయినా కదలకుండా, ఎట్టా చెయ్యాలో చెప్పమన్నా. అప్పుడు అంది: “మీరు చూస్తేగానీ నమ్మరండి. ఆదివారం మా ఆయన్ని తీసుకుని మా అన్న దగ్గరికి పోయి రండి.”

పాసింజరు బండెక్కి బాపట్ల వెళ్ళాం నేనూ కోటయ్యా. దిగి ఇసకలో పడి నడక. జోళ్ళు చేత్తో పట్టుకున్నా. వాళ్ళన్న పొలం... పొలమంటే ఏంటనుకున్నావ్? తెల్లటి ఇసక. దాని మధ్యలో గరాటులాగా ఏటవాలుగా తవ్విన గుంట, అడుగున నీళ్ళు. దొరువంటారు దాన్ని. ఆయన రెండు చేతుల్లో రెండు కుండలు పట్టుకుని దిగుతాడు, నీళ్ళలో అదుముతాడు, నిండగానే ఎక్కొస్తాడు, మణికట్టు వంచాడా, సన్నటి వానలాగా పడుతుంది మొక్కల మొదట్లో. మళ్ళీ దిగుతాడు. చుట్టూ వంగ, గోంగూర, దోసపాదులు, ఇసక కనపడనంత పచ్చగా.

“రోజుకి ఎన్నిసార్లు దిగుతావయ్యా?” అన్నా.

“లెక్కెందుకండీ? వాటికి చాలేదాకా” అన్నాడు. కుండలు దించి, నా వైపు చూసి, “మీ వైపు తూమెత్తి పడుకుంటే పంటొస్తదంటగా? నిజమేనా బావా?” అని కోటయ్యని అడిగాడు. కోటయ్య నవ్వాపుకోలేక ఇసకలో కూలబడ్డాడు. నేనూ నవ్వా. ఏం చేస్తాను?

వచ్చేటప్పుడు గోంగూర, బెండ, దోస విత్తనాలు పాత గుడ్డలో మూటగట్టి ఇచ్చాడు. ఏమిస్తానన్నా పుచ్చుకోలేదు. అన్నం తినకుండా కదలనివ్వలేదు. ఎండుచేపల పులుసు... ఆ పులుసు సంగతి చెప్పాలంటే మళ్ళీ ఓ గంట. వద్దులే.

నాగరత్నం పెత్తనం అప్పుడు మొదలైంది. బోదె పూడ్పించింది. మేం పారబోసిన ఊక బూడిదే మళ్ళీ తెప్పించి నల్లమట్టిలో కలిపించింది, మట్టి గుల్లబారుతుందని. మడులు జానెడు ఎత్తు లేపించింది. “ఇక కాలవ మర్చిపోండి. నీళ్ళు మిల్లు బావి నుంచే, కుండలతోనే. పొద్దున ఇంటికి పది కుండలు, సాయంత్రం పది. మీ ఇంటితో సహానండి గుమాస్తా గారూ” అంది.

మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు. మా ఇంటి వంతు నేనే మొయ్యాలి. రెండు చేతుల్లో రెండు కుండలు, పంచె ఎగ్గట్టి వీధిన పడితే అరుగుల మీద జనం. ఒక కుండ ఇటు వంగుతుంది, ఇంకోటి అటు. “గుమాస్తా గారూ, తూకం సరిపోయిందా?” అని కేక. సగం నీళ్ళు నా కాళ్ళకే. పదిరోజులకి అలవాటయింది. ఒకటి చెప్పనా, తూము ఉన్నప్పుడు పక్క చేనువాడితో మాటుండదు మాకు, ఉంటే తగువే. ఈ కుండల మూలాన బావి దగ్గర పొద్దుట పూట రోజూ అందరం. ఎవరింట్లో జ్వరమో, ఎవరి పిల్ల పురిటికొచ్చిందో అక్కడే తెలిసేది. జ్వరమొచ్చిన ఇంటి కుండలు మిగతా ఇళ్ళవాళ్ళు పోసేవాళ్ళు. ఎవరూ చెప్పలేదు అట్టా చెయ్యమని.

చైత్రంలో కాలవలు కట్టేశారు. ఊళ్ళో కాలవ నీళ్ళ మీద ఆధారపడ్డ పాదులన్నీ ఎండాయి. మావి నిలబడ్డాయి. గోంగూర మోకాలెత్తు, బెండ పూత, దోసకాయలు పిందె పట్టి పసుపు తిరుగుతున్నాయి.

మిల్లు ఆగే రోజు షావుకారు గారు వచ్చారు. వెనక అడితి ఆయన, చేతిలో కొలత టేపు. షావుకారు గారు చేతులు వెనక్కి కట్టుకుని మడుల మధ్య అటూ ఇటూ తిరిగారు. వంగి ఒక దోసకాయ తట్టి చూశారు. “బాగానే ఉన్నాయే. సాయంత్రం మా ఇంటికో బుట్ట పంపించు” అన్నారు నాతో.

నేను తలూపబోతున్నా. వెనకనుంచి నాగరత్నం, “బుట్ట పంపమండి” అంది.

కోటయ్య దాని కొంగు పట్టి లాగుతున్నాడు. అది కదల్లేదు. “ఇయ్యి పనిలేని రోజుల కూరలండి. ఇంటింటికీ వంతులైపోయినయ్యి. ఇయ్యాళ తొలికోత, అందరం ఇక్కడే వండుకుంటన్నాం. తమరికి తినాలనుంటే ఇక్కడికే రండి.”

షావుకారు గారు దాని వైపు చూశారు, నా వైపు చూశారు. పొడుం డబ్బా తీశారు, మళ్ళీ జేబులో పెట్టేశారు. “ఏం వండుతున్నారు?” అన్నారు.

“గోంగూర పప్పు, దోసకాయ కూర, బెండకాయ పులుసండి.”

“ఊఁ” అని వెళ్ళిపోయారు. టేపు కూడా ఆయన వెనకే వెళ్ళింది. ఆ ఊఁకి అర్థమేంటో మాకెవరికీ తెలియదు. అట్టాగే పొయ్యిలు వెలిగించాం.

వడ్లు ఆరబోసే గచ్చు మీద ఆకులు పరిచేసరికి వచ్చారమ్మా షావుకారు గారు. ఒక్కరే. “అడితి ఆయనకి రైలు కట్ట పక్కన వేరే జాగా చూపించా” అన్నారు, ఏదో దారినపోతూ చెప్పినట్టు. కోటయ్య ఒక్క అరుపు అరిచాడు చూడు, రేకుల మీద పావురాలు లేచిపోయాయి.

అయిపోయిందనుకున్నావా? అప్పుడే ఉంది చిక్కు. షావుకారు గారు కూర్చుంటే గానీ కూలివాళ్ళు కూర్చోరు. పెద్దావిడ మా అమ్మ కూర్చోకుండా ఎట్టా అని షావుకారు గారు నిలబడ్డారు. మా అమ్మ ఏనాడూ మిల్లువాళ్ళతో ఒక వరసలో కూర్చుని తిన్నది కాదు. అప్పట్లో అట్టాంటివి ఉండేవి, ఇప్పుడు లేవని నేననను. “నేను తర్వాత తింటాలే నాయనా” అని స్తంభానికి ఆనుకుంది. అంతమందిమీ నిలబడే ఉన్నాం, అన్నం ఆవిర్లు పోతోంది.

నాగరత్నం గరిటె పట్టుకుని వచ్చి, “పెద్దమ్మగారండీ, చల్లారిపోద్దండి. తమరు కూర్చుంటే గానీ ఎవరూ ముట్టరు” అంది.

“మరి నువ్వు?”

“నేను వడ్డిస్తానండి.”

మా అమ్మ దాన్ని ఎగాదిగా చూసింది. “పండించిందీ నువ్వే, వండిందీ నువ్వే, వడ్డించటం కూడా నువ్వేనా? మావాడికేం చేతుల్లేవూ?” అని దాని చేతిలో గరిటె లాక్కుని నాకిచ్చింది. మోకాళ్ళు పట్టుకుని, అబ్బా అంటూ ఆకు ముందు కూర్చుంది. కూర్చుని పక్కనున్న ఆకు మీద చెయ్యేసి, “ఇట్టా రావే” అంది.

నాగరత్నం కొంగుతో చేతులు తుడుచుకుని వెళ్ళి పక్కన కూర్చుంది. షావుకారు గారు కండువా తీసి ఒళ్ళో వేసుకుని ఎదురుగా కూర్చున్నారు. ఇక ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు బిలబిలా కూర్చున్నారు. నేను అన్నం పెడుతూ, పప్పు వేస్తూ, ఆ వరస చివరిదాకా వచ్చేసరికి కోటయ్య నా పంచె పట్టుకు లాగి, “ఇక చాల్లెండి, మీరూ కూర్చోండి, ఎవరిక్కావలసింది వాళ్ళు వేసుకుంటారు” అన్నాడు. గరిటె గిన్నెలో వదిలేసి వాడి పక్కన కూర్చున్నా. అదీ, మా తోట మొదలైన సంగతి.