మూత తీస్తే ఇద్దరుండాల

1996, చైత్రమాసం. గల్ఫ్ దేశంలో, అల్ రయ్యాన్‌లో ఒక విల్లా వెనక, యజమాని పాములు పెంచుకునే గది. ఆయన్ని పనివాళ్ళందరూ బాబా అంటారు. పాముల్ని చూసుకునేది ఇంటి డ్రైవర్ ఓబులయ్య. వంటచేసే అంకాలమ్మ కూడా అతనిలాగే రాయచోటి దిక్కు మనిషే. మధ్యాహ్నం నమాజు వేళ, గదిలో వాళ్ళిద్దరే ఉన్నారు.

"...అదే అడుగుతాండానక్కా. మూడో పెట్టె మూతకు క్లిప్పు ఊడి ఉంది. ఎవురు తీసినారు?"

"నాకేం తెల్సబ్బీ. నువ్వే మర్చిపోయింటావు."

"నేను మర్చిపోయే రకమా? పొద్దున నీళ్ళు పెట్టేటప్పుడు నువ్వు పక్కనే ఉంటివి గదా. రెండు క్లిప్పులూ నొక్కి, సరేనా అక్కా అంటే, సరే అనలేదా?"

"అన్నాలే."

"మరి?"

"మరేంది? పాము లోపల్నే ఉంది గదా. చూడు, ఇసకలో తల పెట్టుకోని ఎట్ల పండుకోనుందో."

"ఉంటే సరిపోతాదా? ఒక్కరే ఉన్నప్పుడు మూత ముట్టగూడదు. ఒకరు కొక్కెం పట్టుకోవాల, ఇంకొకరు చూస్తా నిలబడాల. ఎన్నిసార్లు చెప్పినా!"

"వంటామెకు పాముల గదిలో ఏం పనో ఆ దేవునికే తెలియాల! కూర మాడిపోతాన్నా ఇడిసిపెట్టి వచ్చి నీ పక్కన నిలబడాల. పాములకేమో ఏసీ, మనకేమో రేకుల రూము. బాగుంది మర్యాద!"

"మాట మార్చొద్దు."

"మార్చేదేముంది? నువ్వే చెప్పు ముందు. ఆ పాము కరిస్తే ఎంతసేపటికి ఎక్కుతాది?"

"ఎందుకు?"

"ఊరికే. ఈడ పని చేసేదాన్ని, తెలుసుకోగూడదా?"

"దానికి కోరలు ముందర ఉండవు. దవడ వెనకాల ఉంటాయి. గబుక్కున కొట్టి వదిలితే గీతలే. పట్టుకోని నమిలితేనే విషం దిగేది. దిగినా కొంచెమే."

"కొంచెమంటే?"

"వాస్తాది. సలుపుతాది. అంతే."

"అంతేనా? పడగ ఇప్పుతాది గదబ్బీ అది! పడగ ఇప్పేది నాగుబాము గాక ఇంకేంది?"

"ఉత్త బెదిరింపు. మెడ వెడల్పు చేసి నాగుబాము మాదిరి ఏషం కడతాది. బాబా పుస్తకంలో బొమ్మ గూడా చూపించినాడు... అవునూ, దాని పడగ నువ్వెప్పుడు చూసినావు? పొద్దున అది కదలనే లేదే."

"ఎప్పుడో చూసింటా."

"ఎప్పుడు? ఆగు, ఆగు. పెట్టె మీద ఈ పసుపేంది? కుంకుమ గూడా పెట్టినారే!"

"చవితికి పెట్టింటా."

"నాగులచవితి కార్తీకంలోనక్కా. ఇది చైత్రం. ఆ కుడిచెయ్యి తువ్వాల కింద ఎందుకు దాచినావు?"

"నూనె చింది కాలింది. సమోసాలు చేస్తాంటే."

"చూపియ్యి."

"నూనె అని చెప్పలేదా?"

"చూపియ్యక్కా... అయ్యో, అయ్యయ్యో! మోచెయ్యి దాకా వాచిందే! ఇవి పండ్ల గాట్లు. నమిలినాది! ఎంతసేపు పట్టుకుండె?"

"నూరు దాకా లెక్క పెట్టినా."

"నూరా? లాగేసుకోలేదా?"

"ఎందుకు లాగేసుకుంటా? పెట్టింది నేనే గదా."

"నీకేమన్నా పిచ్చి పట్టిందా? సచ్చిపోదామనా?"

"సచ్చేదానికి కాదబ్బీ! నా కూతురికి వచ్చే నెల తొలికాన్పు. తొలికాన్పుకు తల్లి ల్యాకపోతే ఎట్ల? రెండేండ్ల కాంట్రాక్టు అయిపోయి ఏడు నెలలాయె. మేడమ్‌ను అడిగితే తర్వాత, తర్వాత. బాబా అయితే నవ్వుతాడు. పాస్‌పోర్టు ఆయప్ప బీరువాలో ఉండె. పాము కరిచిన మనిషిని ఇంట్లో పెట్టుకోరు, భయపడి విమానం ఎక్కిస్తారనుకుంటి. పసుపూ కుంకుమా పెట్టి, నాగేంద్రా, సంపొద్దు తండ్రీ, ఒక్క కాటేసి ఇల్లు చేర్చు అని మొక్కుకుంటి. బుస్సుమని పడగెత్తినాది. నా తండ్రి విన్నాడనుకుంటినబ్బీ."

"ఊపిరి ఆడతాందా? కండ్లు తిరుగుతాండాయా?"

"ఏమీ ల్యా. సలుపు తప్ప ఏమీ ల్యా. అదే నా ఏడుపు."

"ముందు గాజులు తియ్. వాపెక్కితే చేతికి దిగబడతాయి."

"మొగుడు బతికుండంగా గాజులు తియ్యమంటావా?"

"తియ్ తల్లీ, నీకు పుణ్యముంటాది. సబ్బుతో కడిగి క్లినిక్కుకు తోల్కపోతా."

"క్లినిక్కు వద్దు. నువ్వు పరిగెత్తి పోయి బాబాకు చెప్పు. నురగ కక్కుతాందని చెప్పు. అరిచి చెప్పు!"

"చెప్పినా ఏం కాదు."

"ఎందుక్కాదు?"

"చెయ్యి చూస్తాడు, పుస్తకం చూస్తాడు. క్లినిక్కులో ఒక సూది, రెండు బిళ్ళలు. ఆ రాత్రి సలుపుకు నిద్ర పట్టదు. మూడు దినాలకు వాపు తగ్గుతాది. నాలుగో దినం పొద్దున్నే వాకిట్లోకి వచ్చి, యల్లా యల్లా, పని చూడు అంటాడు."

"ఇంటికి పంపీడా?"

"పంపీడు."

"నోటికొచ్చినట్ల మాట్లాడొద్దు. మూడు దినాలంట, నాలుగో దినమంట! కండ్లతో చూసినట్లే చెప్తాండావే. నీకెట్ల తెల్సు?"

"తెల్సులే."

"ఎట్ల తెల్సు? చేతి గడియారం ఎందుకు ఇప్పుతాండావు?"

"చూడు. మణికట్టు మీద. ఈ చెయ్యి గూడా చూడు."

"ఇవేందబ్బీ... ఇవి గూడా పండ్ల గాట్లే..."

"నువ్వీ ఇంటికి రాకముందు. మా నాయన పోయినాడని టెలిగ్రాం వచ్చింది. మట్టికి పోతా బాబా అంటే, పోయినోడు పోయినాడు గదా, నువ్వు పోతే లేస్తాడా అన్నాడు. నేను ఈ గదిలోకొచ్చి తలుపేసుకున్నా. రెండు చేతులూ పెట్టినా."

"అయ్యో నా తండ్రీ..."

"నువ్వు నూరు దాకా లెక్క పెట్టినావు. నేను లెక్క గూడా పెట్టలేదు."

"మరి, మూత తీస్తే ఇద్దరుండాలని నన్ను..."

"ఆ రూలు నేను పెట్టుకున్నది మర్నాడేనక్కా. ఇన్నాళ్ళూ నిన్ను పక్కన నిలబెట్టింది పాముకు కాపలా కాదు. నాకు."