కిటికీలో వంటమనిషి

హలో… ఆ, నేనేరా, మీ బావని… గుసగుసగానే మాట్లాడాలి మరి, వరండాలో ఉన్నాను. టీ తాగి రమ్మన్నారు…

కౌన్సెలింగ్ క్లాసులోనేరా, ఇంకెక్కడ. ఇది పూర్తి చేస్తే తప్ప ఇంటికి రానని మీ ఇంట్లో కూర్చుంది కదా మీ అక్క…

ఆ, అందరం కలిసే. గుండ్రంగా కూర్చుని మనసులు విప్పుకోవాలట. నోటితో కాదు, బొమ్మలతో, మట్టితో. పోయిన వారం మట్టి గిన్నెలు చేశాం. నా పక్కన కూర్చునే పళ్ళ డాక్టరుది వంకరపోయింది. ‘ఎంత నిజాయితీ’ అంది మేడం. అందరూ చప్పట్లు. నాది గుండ్రంగా వచ్చింది — ‘మీరేదో దాస్తున్నారు’ అంది…

నవ్వకు. బస్ డిపోలో నేను దగ్గితే డ్రైవర్లు లేచి నిలబడతారు. ఇక్కడ మట్టి పిసుకుతున్నాను…

సరే, అసలు సంగతి విను. ‘మా ఇల్లు’ అని బొమ్మ వేసి తెమ్మన్నారని నీకు పురమాయించానా? బోర్డులు రాసేవాడివి కదా, నాలుగు గీతలు గీసి పడేస్తావనుకున్నా… ఆ, అందింది. అదే తెచ్చి గోడకి అంటించాం. మేడం కళ్ళు తుడుచుకుంది. పళ్ళ డాక్టరు వెక్కి వెక్కి ఏడ్చి నన్ను వాటేసుకున్నాడు…

బాగుందిరా, బాగుండబట్టే నా ప్రాణం మీదికొచ్చింది. టీ అయ్యాక దాని అర్థం చెప్పాలట. నేనే వేశానని చెప్పుకున్నా మరి…

హాల్లో పెద్ద కుర్చీ, అందులో నేను. అది సరే. వెనక వంటింటి కిటికీలో ఎవరో ఆడమనిషి, ఇంతే ఉంది, అటు తిరిగి. ఎవరని అడిగారు. వంటమనిషి అన్నాను…

ఏం, కాదా?… మీ అక్కా? అంత చిన్నగా వేశావేంరా…

నువ్వు వెయ్యలేదా? మరెవరు?…

మీ అక్కేనా? తనకి బొమ్మలు వచ్చా?… చిన్నప్పట్నుంచీనా? నాకెవరూ చెప్పలేదే… సరే, నేనూ అడగలేదు…

ఒరేయ్, ఫోన్ తనకివ్వు. ఆ వంటమనిషి మాట మాత్రం చెప్పకు… స్పీకర్లో పెట్టావా? మొదట్నుంచీనా?… నీకు పుణ్యముంటుంది. ఇవ్వు…

హలో… ఆ, నేనే… లేదు, కోపమేం లేదు. బాగా వేశావు… నిజంగానే… ఒకటి అడగనా? కిటికీలో చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నావు… జుట్టు సర్దుకుంటున్నావా?…

ఫోనా? ఎవరికి?…

వంటింట్లోంచి హాల్లోకి ఫోన్ చెయ్యడమేంటి… ఆ… పిలిస్తే పలకనని…

అయితే నా కుర్చీ చేతిమీద నల్లగా ఉన్నది… నేను రిమోటనుకున్నా… మోగుతోందా అది… మోగుతున్నా ఎత్తలేదు నేను…

లేదు, ఉన్నాను. వింటున్నా…

వాళ్ళకేం చెప్తానా? వంటమనిషి కాదని చెప్తాను. నేను వెయ్యలేదని కూడా… పరువు పోతే పోనీ… నువ్వు రావాలి, అంతే. నువ్వు లేక ఇల్లు బాగాలేదు…

మేడం పిలుస్తోంది. పిలవనీ. నువ్వో పని చెయ్యి. ఇది పెట్టేసి, అట్నుంచి నువ్వు చెయ్యి… ఈసారి ఎత్తుతాను… పెట్టెయ్…

ఒక్క నిమిషం, మేడం. నాకు ఫోన్ రావాలి.