చేప దవడ మీద గడ్డ

మధురవాడలో చేపలకు వైద్యం చేసే చిన్న గది. మధ్యాహ్నం వేళ. డాక్టర్ ఆశాజ్యోతి, ఆమె ఎదురుగా గోపాలపట్నం నుంచి బకెట్‌తో వచ్చిన వాసు. పోర్టులో క్రేన్ ఆపరేటర్. బకెట్లో ఉప్పునీళ్ళ చేప ఒకటి, నారింజ రంగు మీద తెల్లచారలది.

"కోసీండి మేడం. గడ్డ కోసేత్తే అయిపోద్ది కదా?"

"కోస్తే పోయేది కాదు వాసుగారూ. మొన్న గడ్డ మీంచి గీకి తీసిన ముక్క పరీక్ష చేశాను."

"సేపలమ్మే షాపు రఫీ అది వైరస్సన్నాడండి. తెల్లగా కాలీఫ్లవర్ లాగ లేత్తాదట, దానంతటదే రాలిపోద్దట."

"అలాంటి జబ్బూ ఉంది. నేనూ ముందు అదే అనుకున్నా. కానీ అందులో చేప తిండి మానదు. ఇది మానేసి ఎన్నాళ్ళయింది?"

"పది రోజులండి. కాదు... రెండు వారాలు. రఫీ ఇచ్చిన మందేసాను. నీళ్ళు మార్చాను. ఉప్పు కొలత సూసాను. ఏరే తొట్లో ఎట్టాను. మిరియపు గింజంత ఉండేదండి, సెనగ్గింజంత అయిపోనాది."

"పొట్ట చూడండి, ఎలా లోపలికి పోయిందో. ఇది చేపల టీబీ. రంగేసి మైక్రోస్కోపులో చూస్తే ఆ క్రిములే కనిపించాయి."

"టీబీకి మందులున్నాయి కదండీ. మా షిఫ్టులో ఒకాయన ఆర్నెల్లు మింగి బాగైపోనాడు."

"ఆయన మనిషి. ఇంత చేపకి ఆ మందులు పనిచెయ్యవు."

"ఏదోటి సెయ్యండి మేడం. ఉత్త బకెట్టట్టుకుని ఇంటికెల్తే ఏటి సెప్పమంటారు?"

"దానికి ఊపిరాడట్లేదు. చూస్తున్నారుగా. లవంగ నూనె కలిపిన నీళ్ళలో వేస్తే మత్తొచ్చి, ఆ మత్తులోనే పోతుంది. నొప్పి తెలీదు. వెయ్యమంటారా?"

"ఇంకో రోజు సూడ్డానికి..."

"వాసుగారూ."

"ఎయ్యండి."

"మీరటు వెళ్ళి కూర్చోండి."

"లేదండి, సూత్తాను. ఇంకా ఆడతన్నాది మేడం. మొప్పలు ఆడతన్నాయి."

"ఆగేదాకా ఉంచాలి."

"ఆగిపోనాదా?"

"ఆగిపోయింది. ఏదీ, మీ చేతులు చూపించండి."

"నా సేతులెందుకండీ?"

"ఈ క్రిమి మనిషికీ అంటుకుంటుంది. చిన్న గీత పడినా చాలు, అందులోంచి లోపలికెళ్ళిపోతుంది. తిప్పండి. ఊఁ, ఏమీ లేవు. తొట్టి కడిగేటప్పుడు?"

"గ్లౌజులేసుకుంటానండి. ఉప్పునీళ్ళు తగిల్తే మంట."

"ఇంట్లో ఇంకెవరు చెయ్యి పెడతారు?"

"ఎవరూ ఎట్టరండి."

"మీకు షిఫ్టులు కదా. మీరు లేనప్పుడు మేత?"

"మా ఆవిడేత్తాది. పైనుంచేనండి. సెంచాతో."

"ఎప్పుడూ చెంచాతోనేనా?"

"మొదట్లో సెంచాతోనే. తరవాత... దానికి ఆవిడ అలవాటైపోనాది. నీళ్ళలో ఏలెడితే ఒచ్చి రాసుకుంటాది. అదే కాలక్షేపం ఆవిడికి. బయటికెల్లకూడదు కదా."

"ఎందుకెళ్ళకూడదు?"

"ఎండ ఎక్కువ కదండీ..."

"వాసుగారూ, ఎందుకెళ్ళకూడదు?"

"కిడ్నీ మార్చారండి. ఏడు నెల్లయినాది. వాళ్ళమ్మే ఇచ్చింది."

"అంటే కొత్త కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండా, రోగాల్ని తట్టుకునే శక్తిని తగ్గించే మాత్రలు మీ ఆవిడ మింగుతున్నారు."

"పొద్దున్నా రాత్రీ. తప్పకుండా నానే ఇత్తాను."

"పెంపుడు జంతువుల సంగతి హాస్పిటల్లో చెప్పలేదా?"

"సెప్పారండి. ఒద్దన్నారు. కుక్కా పిల్లీ గురించనుకున్నాను. సేప... నీళ్ళలోనే ఉంటాది కదా. నానే కొని తెచ్చాను మేడం. ఆ గదిలో ఒక్కత్తీ గోడకేసి సూసుకుని కూకుంటన్నాదని."

"ఫోన్ చెయ్యండి. స్పీకర్‌లో పెట్టండి. చేతి మీద పుండుందా, గడ్డలేమైనా లేచాయా అడగండి."

"ఏటీ లేవండి. ఉంటే నాకు సెప్పదేటి?"

"చెయ్యండి ముందు."

"హలో, గౌరీ..."

"బావా, ఏటన్నారు డాక్టరమ్మ? తగ్గిపోద్దన్నారా?"

"ఆఁ... సూత్తన్నారు. గౌరీ, నీ సేతి మీద ఏటైనా..."

"తిండి తిన్నాదా అది?"

"అది ఒగ్గీ. నీ సేతి మీద పుండు గానీ గడ్డ గానీ ఉన్నాదా?"

"ఎవరు సెప్పారు?"

"ఎవరూ సెప్పలేదు. ఉన్నాదా లేదా?"

"కోప్పడకు బావా. నెల కిందట ఏలి మీద సిన్న పుండు లేసింది. తరవాత మణికట్టు కాడొకటి, మోచేతి కాడ రెండు. నిన్నట్నించి సంకలో కూడా గడ్డ సేతికి తగుల్తంది, ఒళ్ళు కాల్తంది. నీకు సెప్తే సేపని ఇంట్లోంచి తీసేత్తావని, పొడుగు సేతుల నైటీలేసుకుని తిరుగుతన్నాను."